చాటలోంచి పిడికెడు

నల్గొండ, పాలమూరు జిల్లాల క్రైస్తవ సంఘాల చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా తెల్లదొరలతో మొదలుపెడతారు. ఎవరు ఏ సంవత్సరం వచ్చారు, బంగళా ఎక్కడ కట్టారు, బడి ఎప్పుడు తెరిచారు అన్నది వరస. ఆ కథకు తర్వాత వద్దాం. ముందు పొయ్యి పక్కన జరిగే ఒక పని చూడాలి. తెలుగు సంఘాల్లో తరతరాలుగా నడిచిన పిడికెడు బియ్యం కానుక అది. అందులో ఎంత నేర్పు ఉందో దగ్గరికి వెళ్తేగాని తెలియదు.

ఇల్లాలు వంటకు గింజలు కొలుస్తుంది. సోలెడో తవ్వెడో చాటలో పోసి, రాళ్లు ఏరి, కడగబోయే ముందు పిడికెడు తీసి పక్కనున్న కుండలో వేస్తుంది. వారమంతా అలా నిండిన కుండ ఆదివారం గుడికి పోతుంది. పని ఇంతే.

మొదటి నేర్పు తీసే చోటులో ఉంది. గోనెసంచిలోంచి తీస్తే నిల్వ తరుగుతుందే తప్ప ఆ పూట ఎవరి కంచమూ తగ్గదు. కొలిచి పోసిన గింజల్లోంచి తీస్తే అన్నం పిడికెడు తగ్గుతుంది, ఆ తక్కువ ఇంటిల్లిపాదికీ తలా కొంచెం పడుతుంది. వడ్డించేటప్పుడు ఎవరూ గుర్తుపట్టరు కూడా. రెండో నేర్పు పెత్తనానికి సంబంధించింది. గాదె మీద మాట మగవాడిది, చాట మీద మాట ఆడమనిషిది. పైసా కావాలన్నా మొగుణ్ణి అడగాల్సిన మనిషి, ఎవర్నీ అడక్కుండా ఇవ్వగలిగిన చోటు ఆ ఇంట్లో అదొక్కటే. నాకు అన్నిటికన్నా నచ్చేది మూడోది. పొయ్యి రాజుకోని రోజు పిడికెడూ లేదు. కరువొస్తే కానుక దానంతటదే తగ్గుతుంది, బాకీ మిగలదు, పాస్టరుగారి ముందు తల వంచుకోవాల్సిన పని లేదు. దశమభాగం తియ్యాలంటే ఆదాయం లెక్క తెలియాలి. దీనికి చెయ్యి ఉంటే చాలు. పిల్లచేత వేయిస్తే పిల్ల పిడికెడే పడుతుంది, అదీ చెల్లుతుంది.

ఈ కొలత ఇక్కడి బతుక్కు అంతగా అమరడానికి కారణం ఉంది. నిజాం కాలంలో ఈ సంఘాల్లో చేరినవాళ్లు ఎక్కువమంది మాదిగలు, మాలలు. పటేలు దగ్గర జీతం ఉన్నవాళ్లు, వెట్టి చేసినవాళ్లు. కూలి గింజల్లో ముట్టేది, రూపాయి కంటబడేది తక్కువ. రూపాయల్లో చందా అడిగితే వాళ్లు ఎప్పటికీ పుచ్చుకునేవాళ్లుగానే ఉండిపోయేవాళ్లు. అసలు బియ్యం అనడం కూడా ఈ మెట్టనేలలో పెద్దమాటే. చెరువు కింద మడి ఉన్నవాడికే వరి. మిగతావాళ్లకు జొన్న గటక, సజ్జ రొట్టె, తైదల అంబలి. బియ్యం కానుక అని పేరేగానీ చాలా కుండల్లో పడింది జొన్నలే అయివుండాలి.

ఇలాంటి ఇవ్వడాన్ని సంఘ జీవితానికి పునాదిగా పెట్టిన పెద్దమనిషి నల్గొండకు ఈశాన్యాన డోర్నకల్‌లో ఉండేవాడు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి తమిళుడు. అక్కడి విశ్వాసులు 1903లో తమ సొంత డబ్బుతో ఒక మిషనరీ సంఘం పెట్టుకుని డోర్నకల్ ప్రాంతాన్ని ఎంచుకున్నారు. 1909లో ఆయనే వచ్చి స్థిరపడ్డాడు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. పేదవాళ్లు ఇవ్వలేరు అన్న జాలిని ఆయన ఒప్పుకోలేదు. కానుకల మీద ఒక పుస్తకమే రాశాడు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో మిషనరీల ఎదుట నిలబడి, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితుల్ని కూడా ఇవ్వండని అడిగాడు. సభలో కొందరికి అది గుచ్చుకుంది. ఎప్పుడూ పుచ్చుకునేవాడికి స్నేహితుడి కుర్చీ దొరకదని ఆయనకు తెలుసు. పల్లె ఉపదేశకుడి జీతంలో తన జొన్నలు కూడా ఉన్న మనిషి అదే ఉపదేశకుడితో వేరే గొంతుతో మాట్లాడగలడు.

పంట పండుగ ఇంకో తరహా పనితనం. కోతలయ్యాక గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు, మొదటి కంకుల కట్టలు బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం. ఒకడు పాట పెంచి కోడిని గెలుచుకుని, డబ్బు కట్టి, కోడిని మళ్లీ కానుకగా ఇచ్చేస్తాడు. అదే కోడి మళ్లీ పాటకొస్తుంది. నవ్వులు, కేకలు, పంతాలు. చాలా తెలివైన ఏర్పాటే, కాదనను. కాకపోతే అక్కడ గెలిచేది జేబు ఉన్నవాడు. కుండలో కలిశాక ఎవరి గింజ ఏదో చెప్పలేం. అందుకే నా ఓటు కుండకే.

ఇప్పుడు తెల్లదొరల దగ్గరికి వద్దాం. పాలమూరులో 1885లో ఎల్బర్ట్ చ్యూట్ అమెరికన్ బాప్టిస్టు మిషన్ పని మొదలుపెట్టాడు. ఆ డబ్బు వెనుక చూస్తే అక్కడా ఆడవాళ్ల చేతులే కనబడతాయి. 1871లో ఏర్పడిన అమెరికన్ బాప్టిస్టు స్త్రీల సంఘాలు వారానికి రెండు సెంట్ల చొప్పున కూడబెట్టేవి. చిన్నది, తప్పకుండా వేసేది, ఇంటి ఖర్చులోంచి మిగిల్చేది. పాలమూరు కుండ పనితనమే సముద్రాల అవతలా ఉందన్నమాట. నల్గొండకు 1890లో అబ్రహాం ఫ్రీజెన్ వచ్చాడు. ఆయన నేటి ఉక్రెయిన్ నేలమీద వ్యవసాయం చేసుకునే మెన్నొనైట్ బ్రదరెన్ ఊళ్ల మనిషి. పంపింది ఆ రైతులు, పని చేసింది అమెరికన్ బాప్టిస్టుల నీడన. మొదటి ప్రపంచ యుద్ధం, 1917 విప్లవం కలిసి ఆ డబ్బు దారిని తెంపేశాయి. నల్గొండకు పంపిన ఊళ్లే ఆకలితో అల్లాడాయి. వాళ్లకు తిండి అందించడానికి 1920లో అమెరికాలో మెన్నొనైట్ సెంట్రల్ కమిటీ పుట్టింది. 1937లో పాలమూరు కేంద్రం కూడా బాప్టిస్టుల నుంచి అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్ చేతికి మారింది.

దూరపు డబ్బు మారినప్పుడల్లా చిక్కులు వచ్చాయి. దానికి ఇంకో చిక్కు పుట్టుకతోనే ఉంది: గింజల కోసం మతం మారారన్న నింద. ఒంగోలులో మిషనరీ జాన్ క్లౌ 1876-78 కరువులో ఈ ముడిని విప్పిన తీరు మెచ్చుకోవాలి. ఊరికే పంచకుండా బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని పని చూపించాడు. ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాతే 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తిండికీ నమ్మకానికీ మధ్య అంత ఎడం పెట్టినా నింద పూర్తిగా పోలేదు. పిడికెడు కుండకు ఆ నింద అంటదు, ఎందుకంటే అక్కడ ఇస్తున్నది పేదవాడే.

మిజోరంలో ఇదే పద్ధతి 1910లో మొదలై ఇప్పుడు ఏటా కోట్ల రూపాయలు తెస్తోంది. మన దగ్గర అంత కట్టుదిట్టంగా సాగలేదు. పది ఇళ్ల గింజలు కలిస్తే ఒకటి ఉడికేసరికి ఇంకొకటి పలుకు మిగులుతుంది, అమ్మితే ధర రాదు. జొన్న పోయి రేషన్ బియ్యం వచ్చింది. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలై రేషన్‌లో సన్నబియ్యమూ వచ్చింది కాబట్టి గింజలు కలిసే బాధ కొంత తగ్గొచ్చు. కానీ ఈలోగా చాలా గుళ్లలో కానుక పెట్టె పక్కన క్యూఆర్ కోడ్ అట్ట నిలబడింది. లెక్క శుభ్రంగా ఉంటుంది, చిల్లర బాధ లేదు. ఆ డబ్బు మాత్రం బ్యాంకు ఖాతాలోంచి పోతుంది, ఏ పూట కంచాన్నీ తాకదు. ఆ ఫోను కూడా చాలా ఇళ్లలో మొగుడి జేబులోనే ఉంటుంది.