వెనక సీటు నుంచి ముందు సీటుకు: థెరిసా వాలక్ నేర్పిన జాగ్రత్త

'జాగ్రత్త' అనే మాటకు మన ఇళ్ళలో రెండు అర్థాలున్నాయి. బండి తీస్తున్న కొడుకుతో 'జాగ్రత్తగా వెళ్ళు' అంటాం. బండి కావాలన్న కూతురితో 'ఎందుకొచ్చిన బండి, అసలే రోజులు బాగాలేవు' అంటాం. మొదటిది వెళ్ళమనే మాట, రెండోది ఆపే మాట. భద్రత పేరు చెప్పి స్త్రీల కదలికను కట్టడి చేయడం గురించి మనం చాలా రాసుకున్నాం. కానీ భద్రతనే పాఠంగా, బతుకుతెరువుగా చేసుకున్న ఒక స్త్రీ ఆ మాటకు ఏ అర్థమిచ్చింది? బ్రిటన్‌లో పుట్టి, అమెరికాలో మోటార్‌సైకిల్ నడపడం నేర్పిన థెరిసా వాలక్ (1909-1999) పుస్తకాలను నేను ఈ ప్రశ్నతోనే చదివాను.

ఆమెవి ముఖ్యంగా రెండు. 1970లో వచ్చిన 'ఈజీ మోటార్‌సైకిల్ రైడింగ్' కొత్తవాళ్ళకు బండి నేర్పే పుస్తకం. 'ది రగ్గడ్ రోడ్' యాత్రాకథనం. 1934 డిసెంబరులో ఆమె, ఫ్లోరెన్స్ బ్లెంకిరన్ కలిసి 600 సీసీ పాంథర్ మోటార్‌సైకిల్‌కు పక్కన సైడ్‌కార్, వెనక ట్రెయిలర్ తగిలించుకుని లండన్ నుంచి బయలుదేరారు. సహారా ఎడారి దాటి 1935 జూలైలో కేప్‌టౌన్ చేరారు. ఆ కథ పుస్తకంగా వచ్చింది 2001లో, వాలక్ చనిపోయాక రెండేళ్ళకు. సాహసం కన్నా ముప్పై ఏళ్ళ ముందే పాఠం అచ్చయింది. ఈ వరస యాదృచ్ఛికమే కావచ్చు. కానీ ఆమెను అర్థం చేసుకోవడానికి ఇదే సరైన వరస అని నాకనిపిస్తుంది.

మోటార్‌సైకిల్ సాహిత్యం అనగానే అందరికీ గుర్తొచ్చేది రాబర్ట్ పిర్సిగ్ 1974లో ప్రచురించిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్'. యంత్రాన్ని మనమే బాగుచేసుకోవాలా, మెకానిక్‌కు అప్పగించాలా అన్న చిన్న విషయం నుంచి పెద్ద తాత్విక చర్చ లేస్తుంది అందులో. ఆ చర్చ కథకుడికీ, స్నేహితుడు జాన్‌కూ మధ్య. జాన్ భార్య సిల్వియా వెనక సీట్లో ఉంటుంది. ఎదురుగా వచ్చే కార్లలోని మనుషుల ముఖాల్లో జీవం లేదని గమనించేది ఆమే. చూసే శక్తి ఆమెకుంది, హ్యాండిల్ లేదు. ఈ పుస్తకం నాకిష్టమే. అయినా యంత్రమూ తత్వమూ మగవాళ్ళ సంభాషణగా ఎంత సహజంగా సాగిపోతాయో చూసినప్పుడు, ఇంజనీరింగ్ చదివి, తన బండిని తానే విప్పి బిగించుకున్న వాలక్ ఈ సాహిత్య చరిత్రలో ఎందుకు కనిపించదని అడగకుండా ఉండలేను.

ఆమెకు అర్హతలు తక్కువేం కాదు. 1939లో బ్రూక్‌లాండ్స్ రేస్‌ట్రాక్ మీద 350 సీసీ నార్టన్‌తో గంటకు వంద మైళ్ళు దాటిన వేగంతో చుట్టు పూర్తిచేసి గోల్డ్ స్టార్ అందుకుంది. మోటార్‌సైకిల్ మీద ఆ గౌరవం పొందిన స్త్రీలు ముగ్గురే. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి సమాచారం చేరవేస్తూ బండి నడిపింది. తర్వాత అమెరికా వెళ్ళి షికాగోలో మోటార్‌సైకిళ్ళ దుకాణం పెట్టింది. కొనడానికి వచ్చినవాళ్ళు అదుపు చేయలేనంత పెద్ద బండి అడిగితే అమ్మేది కాదట. దుకాణదారుకు నష్టమైన ఈ పనిలోనే ఆమెలోని టీచర్ కనిపిస్తుంది. 1970ల్లో దుకాణం వదిలేసి అరిజోనాలోని ఫీనిక్స్‌లో బండి నేర్పే బడి తెరిచింది. చూపు మందగించే దాకా, అంటే ఎనభై ఎనిమిదేళ్ళ వయసు దాకా, నడుపుతూనే ఉంది.

మనుషులు మోటార్‌సైకిల్ ఎందుకు నడుపుతారు? స్వేచ్ఛ కోసం, గాలి కోసం, ఇంటినీ ఉద్యోగాన్నీ వదిలి పారిపోవడం కోసం అని పుస్తకాలు చెప్తాయి. ఈ జవాబుల్లో ఇల్లు ఎవరో ఒకరు చూసుకుంటూనే ఉంటారు. వాలక్ జీవితం ఇంకో జవాబు సూచిస్తుంది. బండి నేర్పేవాళ్ళు చెప్పే మొదటి మాటలు గుర్తుచేసుకోండి. గుంతను చూడకు, వెళ్ళాలనుకున్న దారిని చూడు, చూపు ఎటుంటే బండి అటే పోతుంది. మలుపులోకి వచ్చాక కాదు, రాకముందే వేగం తగ్గించు. ముందు బ్రేకుకు భయపడి వెనక బ్రేకు మీదే ఆధారపడకు. వీటిలో ఎక్కడా 'వద్దు, ఇంట్లో ఉండు' లేదు. ప్రమాదం ఉందని ఒప్పుకుంటూనే, దాన్ని నీ చేతిలోని జ్ఞానంతో ఎదుర్కోమంటాయి. బరువైన యంత్రం తన నిర్ణయానికి లోబడిందని శరీరానికి తెలిసిన క్షణం ఉంటుందే, దానికోసం కూడా నడుపుతారు. ఆ క్షణాన్ని ఇంకొకరికి అందించడమే నేర్పడం.

అయితే వాలక్‌ను ఆరాధించి ఊరుకుంటే సరిపోదు. ఆ ఇద్దరు స్త్రీలు దాటిన అల్జీరియా, నైజీరియా, బెల్జియన్ కాంగో, కెన్యా, రొడీషియా అన్నీ అప్పుడు ఐరోపా వలసలు. తెల్లజాతి పాస్‌పోర్టు వాళ్ళకు తెరిచిన దారులు ఆ నేల మీది స్త్రీలకు తెరుచుకోలేదు. ఇంట్లో జెండర్ అడ్డుపడిన చోట, బయట సామ్రాజ్యం తోడొచ్చింది. ఆ ప్రయాణాన్ని స్త్రీవిముక్తి గాథగా మాత్రమే చదివితే సగమే చదివినట్టు. అందుకే నాకు యాత్రికురాలి కంటే టీచరే ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. ఎడారి దాటిన ఘనత ఇద్దరిదే. క్లచ్ పట్టడం, బ్రేకు వేయడం మాత్రం ఎవరికైనా నేర్పగలిగేవి.

ఈ వెలుగులో మన దగ్గరికొచ్చి చూస్తే భద్రత ఎవరి కోసం ఊహించబడిందో తెలుస్తుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది, వెనక కూర్చున్నవారి బట్టలు చక్రంలో పడకుండా కనీసం సగం చక్రానికి రక్షణ ఉండాలంటుంది. జనం దాన్ని శారీ గార్డ్ అంటారు. అవసరమైన నిబంధనే, ప్రాణాలు కాపాడేదే. కానీ అది కాపాడే స్త్రీ వెనక కూర్చున్న స్త్రీ. ఢిల్లీలోనైతే 2014 దాకా ద్విచక్ర వాహనం మీది స్త్రీలకు హెల్మెట్ తప్పనిసరి కాదు. ఆ యేడు సిక్కు స్త్రీలను మినహాయించి అందరికీ తప్పనిసరి చేశారు. ఆడపిల్ల చీకటి పడ్డాక బయట తిరిగితే కంగారుపడే సమాజం, ఆమె తలకాయ గురించి అన్నేళ్ళు కంగారుపడలేదు. మన 'జాగ్రత్త' దేన్ని కాపాడుతోందో ఇంతకంటే స్పష్టంగా చెప్పనక్కర్లేదు.

స్కూటీ మీద ఆఫీసుకూ, బడికీ, ఆస్పత్రికీ తిరిగే లక్షలాది స్త్రీలు మన ఊళ్ళలో ఉన్నారు. చాలామందికి నేర్పింది అన్నో, తండ్రో, భర్తో. కాలనీ వీధిలో నాలుగు సాయంత్రాలు, వెనక పట్టుకుని పరిగెత్తుతూ, మధ్యమధ్య అరుస్తూ. స్త్రీలకు స్త్రీలు నేర్పే చోట్లు ఇంకా కావాలి, ఆ నేర్చుకోవడం గురించిన రాతలూ కావాలి. ఎవరు ఎవరికి నేర్పారు, ఏ మాటలతో నేర్పారు అన్నది కూడా మన సాహిత్య వస్తువే. వెనక సీటు అనుభవాలు మనం బాగానే రాశాం. హ్యాండిల్ పట్టుకున్న చేతులు రాయాల్సింది ఇంకా చాలా ఉంది.