ఫైలు మొత్తం చదివే ఏడాది

లా చివరి ఏడాదిలో ఉన్న పిల్లలు నా దగ్గరికొచ్చి "సార్, ప్రాక్టీసు పెట్టాలా, జడ్జి పరీక్షకు కూర్చోవాలా?" అని అడుగుతుంటారు. ముందు ఒక్క ఏడాది న్యాయమూర్తి దగ్గర లా క్లర్కుగా పనిచెయ్యండి అంటాను. అమరావతిలో హైకోర్టుంది, ఢిల్లీలో సుప్రీంకోర్టుంది.

రేపు విచారణకొచ్చే కేసుల ఫైళ్లు ఇవాళే చదవాలి. ఎవరేం అడుగుతున్నారు, కింది కోర్టు ఏమంది అన్నది చిన్న నోటుగా రాసివ్వాలి. లాయరు చూపించిన పాత తీర్పు నిజంగా ఆ మాటే అందా, ఆ తర్వాత దాన్ని ఎవరైనా కొట్టేశారా అన్నది వెతకాలి. నిర్ణయం మాత్రం జడ్జిగారిది. ఛాంబర్లో విన్నది ఇంట్లో వాళ్లకైనా చెప్పకూడదు.

ఈ పనిలో అసలు కష్టం, దేన్ని వదిలెయ్యాలో తెలుసుకోవడం. అందుకే పిల్లలకు రొయ్యల చెరువుల మీద 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన జగన్నాథ్ కేసు తీర్పు ఇచ్చి నోటు రాయమంటాను. పులికాట్, చిలికా సరస్సులకు వెయ్యి మీటర్ల లోపు చెరువులు వద్దన్న ఆదేశాన్ని అందరూ రాస్తారు. మన నెల్లూరు జిల్లాలోని కుర్రు గ్రామంలో నీళ్లు ఉప్పుబారి 600 మంది మత్స్యకారులకు తాగునీరు లేకుండా పోయిందన్న వాక్యం మాత్రం చాలామంది నోటులోకి రాదు. ఆ ఆదేశం ఎందుకొచ్చిందో చెప్పేది ఆ వాక్యమే! కోట, వాకాడు వైపు నుంచి వచ్చిన పిల్లలు దాని దగ్గర ఆగుతారు. ఉప్పునీటి బావి గురించి వాళ్లకు చెప్పక్కర్లేదు. అడంగల్లో ఏ గడి ఏం చెబుతుందో కూడా వాళ్లకు తెలుసు. జడ్జి ఛాంబర్లో అలాంటి కళ్లు ఉండాలని నా గట్టి కోరిక.

క్లర్కుగా చేరితే ప్రాక్టీసులో ఒక ఏడాది పోతుందని ఇంట్లో పెద్దలు భయపడతారు. ఆ భయం ఇప్పుడు అక్కర్లేదు. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది. లా క్లర్కుగా చేసిన కాలాన్నీ అందులో లెక్కించాలని అదే తీర్పులో ఉంది. డబ్బు సంగతంటారా, 2024 నోటిఫికేషన్‌లో సుప్రీంకోర్టు నెలకు 80 వేలు ఇస్తామంది.

అక్కడి ఎంపికలో ఆబ్జెక్టివ్ పరీక్ష దాటాక రాత పరీక్ష, తర్వాత ఇంటర్వ్యూ. మన పిల్లలు వెనకబడేది రాతలో. నోటు రాసే అలవాటు మూడో ఏడాది నుంచే పెట్టాలని కాలేజీలవాళ్లను అడుగుతున్నాను.