గడప నుంచి గడపకు: సమగ్ర విమానయాన పరిశోధనలు – పర్ణశాల దృష్టిలో ఒక విమర్శ

ఉపోద్ఘాతం

ప్రయాణికుడి దృష్టిలో విమానయానం ఇంటి గడప దాటినప్పుడు మొదలై, గమ్యస్థానపు గడప తొక్కినప్పుడు ముగుస్తుంది. ఈ సామాన్య సత్యాన్ని పరిశోధనాంశంగా నిలబెట్టడంలో ఐరోపా కృషి గణనీయమైనది. 2011లో ఐరోపా కమిషన్ వెలువరించిన ‘ఫ్లైట్‌పాత్ 2050’ నివేదిక, ఐరోపాలో ప్రయాణించేవారిలో 90 శాతం మంది 4 గంటల్లో గడప నుంచి గడపకు చేరగలగాలని లక్ష్యం పెట్టింది. దాని సాధ్యాసాధ్యాలను పరిశీలించిన ‘డేటాసెట్ 2050’ ప్రాజెక్టు ప్రయాణాన్ని ఐదు దశలుగా విభజించింది: ఇంటి నుంచి విమానాశ్రయం, విమానాశ్రయంలో నిరీక్షణ, విమానయానం, దిగిన తరువాత బయటికి రావడం, అక్కడి నుంచి గమ్యం. గోదావరి తీరాన దుమ్ముగూడెం మండలంలో ఉన్న పర్ణశాలకు ఈ నమూనా ఎంతవరకు అన్వయిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

విభజన చూపించేది

ఢిల్లీ నుంచి శంషాబాద్‌కు విమానం రెండు గంటల పైచిలుకులో చేరుస్తుంది. అక్కడి నుంచి భద్రాచలం 300 కిలోమీటర్లకు పైగా, పర్ణశాల మరో 35 కిలోమీటర్లు. బస్సులో వెళ్లేవారికి విమానంలో గడిపినదానికి మూడింతల సమయమైనా కావాలి. రైలు మార్గమూ పూర్తి పరిష్కారం కాదు. ‘భద్రాచలం రోడ్’ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. పేరులోని ఊరు సుమారు 40 కిలోమీటర్ల అవతల ఉంది. భద్రాచలం మీదుగా వెళ్లే మల్కన్‌గిరి–పాండురంగాపురం రైలు మార్గానికి కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులోనే ఆమోదం తెలిపింది. ఐరోపా నమూనాలో చివరి మెట్టుగా కనిపించే ఐదో దశ ఇక్కడ ప్రయాణంలో సింహభాగం. ఈ వాస్తవాన్ని బయటపెట్టగలగడం ఆ విభజన పద్ధతికి ఉన్న బలం.

సగటు దాచేది

అయితే సగటు సమయాన్ని ప్రమాణంగా తీసుకోవడం ఆ పద్ధతిలోని లోపం. భద్రాచలం వద్ద గోదావరికి మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులు. 2022 జూలైలో నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు వంతెనపై రాకపోకలు ఆపివేయవలసి వచ్చింది. ఏడాది సగటులో ఆ రోజులు కలిసిపోతాయి. ఆ రోజే శంషాబాద్‌లో గల్ఫ్ విమానం ఎక్కవలసిన కూలీకి మాత్రం టికెట్టు, కొన్నిసార్లు ఉపాధి కూడా పోతుంది. అందుకే మారుమూల ప్రయాణికుడు ఒక రోజు ముందే బయలుదేరుతాడు. ఆ ముందుజాగ్రత్త సమయాన్ని ప్రయాణ కాలంలో లెక్కించని పరిశోధన అసంపూర్ణం.

నష్టం ఎవరిదన్న ప్రశ్న కూడా ఇక్కడే తలెత్తుతుంది. జర్మనీలో లుఫ్తాన్సా, అక్కడి రైల్వే కలిసి ఒకే టికెట్టు ఇస్తాయి; రైలు ఆలస్యమై విమానం తప్పితే తరువాతి విమానంలో చోటు కల్పిస్తాయి. బస్సుకు ఒకటి, విమానానికి మరొకటి టికెట్టు కొన్నవారికి ఆ భరోసా లేదు.

దేశీయ ప్రయత్నాలు

2017 ఏప్రిల్ 27న కడప–హైదరాబాద్ సర్వీసుతో తెలుగు నేలపై అడుగుపెట్టిన ‘ఉడాన్’ విమాన ఛార్జీని తగ్గించింది. 2022 డిసెంబరులో ప్రారంభమైన ‘డిజియాత్ర’ విమానాశ్రయ ద్వారాల వద్ద నిమిషాలను ఆదా చేస్తుంది. 2023 డిసెంబరు 9న మొదలైన ‘మహాలక్ష్మి’ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు ఛార్జీ లేకుండా చేసింది. ఒక్కొక్కటి ఒక్కొక్క దశను బాగుచేసింది. దశల మధ్య అతుకు మాత్రం ఎవరి బాధ్యతా కాలేదు. రాత్రి దిగిన విమానానికీ తెల్లవారుజామున కదిలే బస్సుకూ మధ్య గడిచే గంటలు ఏ పథకం లెక్కలోనూ చేరవు.

విమానం ఎక్కేవారు కొద్దిమందే అయిన అటవీ సరిహద్దు ప్రాంతానికి ఇంత చర్చ అవసరమా అనే ఆక్షేపణ సహజం. కానీ ఆ కొద్దిమందిని మోసే బస్సే భద్రాచలం ఆసుపత్రికి వెళ్లే గర్భిణిని, కళాశాలకు వెళ్లే కోయ విద్యార్థిని కూడా మోస్తుంది. ఐదో దశ మెరుగైతే జన్మలో విమానం ఎక్కనివారికీ మేలు కలుగుతుంది.

ముగింపు

ఐరోపా పరిశోధన నుంచి స్వీకరించవలసింది దాని విభజన పద్ధతి. 4 గంటల లక్ష్యాన్ని యథాతథంగా దిగుమతి చేసుకోనక్కరలేదు. సగటుకు బదులు నమ్మకాన్ని, వేగానికి బదులు బస్టాండులోని నిరీక్షణను కొలిచే క్షేత్ర పరిశోధనలు రావాలి. వానకాలం, ఎండాకాలం, శ్రీరామనవమి రద్దీ – ఈ మూడింటినీ వేర్వేరుగా నమోదు చేస్తే, సమగ్ర రవాణాకు కొలమానం విమానాశ్రయంలో కాక పర్ణశాల గడప వద్ద దొరుకుతుంది.