దిగువ కృష్ణా డెల్టా నేలల్లో కాంక్రీటు స్తంభాల భార పరీక్ష: ఒక విమర్శ

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల మధ్య తిరిగేవారికి వంతెన మొదట్లో తగిలే కుదుపు కొత్త కాదు. లోతైన పునాదులపై నిలిచిన వంతెన కదలదు. దానిని చేరే మట్టికట్ట మాత్రం దిగుతూ ఉంటుంది. కట్ట కింద ఉన్నది నది మోసుకొచ్చిన ఒండ్రు, మెత్తని బంకమన్ను, వాటి నడుమ ఇసుక పొరలు. ఇటువంటి నేలను బలపరచడానికి సన్నని కాంక్రీటు స్తంభాలను దగ్గర దగ్గరగా దించి, వాటిపై కంకర పరుపు వేసి, ఆపైన కట్టనో గిడ్డంగినో నిలిపే పద్ధతి అనేక దేశాలలో స్థిరపడింది. 2023 మే నెలలో బందరు ఓడరేవు నిర్మాణానికి శంకుస్థాపన జరిగినందున ఈ తీరానికి ఈ చర్చ దూరమైనది కాదు.

ఆ స్తంభాలను ఏ కొలతతో ఆమోదించాలన్నదే ఇక్కడి ప్రశ్న. చేతికందే ప్రమాణం ఐఎస్ 2911 నాలుగవ భాగం. అది పైళ్ల పరీక్షకు ఉద్దేశించినది. ఒక స్తంభం తలపై హైడ్రాలిక్ జాక్ నిలిపి, అంచెలంచెలుగా బరువు పెంచి, డయల్ గేజీలతో కుంగుబాటు నమోదు చేస్తారు. 600 మిల్లీమీటర్ల వ్యాసం వరకు, కుంగుబాటు 12 మిల్లీమీటర్లకు చేరిన బరువులో మూడింట రెండు వంతులను సురక్షిత భారానికి ఒక హద్దుగా తీసుకుంటారు.

కాంక్రీటు నాణ్యత, మొన ఆనిన పొర గట్టిదనం తెలుసుకోవడానికి ఈ పరీక్ష అవసరమే. అయితే పైలు భవనాన్ని నేరుగా మోస్తుంది. నేల బలపరిచే స్తంభానికి పైకట్టడంతో నేరుగా సంబంధం లేదు. బరువును అది తన చుట్టూ ఉన్న మన్నుతో పంచుకుంటుంది. తెలుగులో 'స్తంభం' అనగానే మండపాన్ని ఒంటరిగా మోసేది స్ఫురిస్తుంది. ఆ స్ఫురణే ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది.

ఒక ఊహా లెక్క చూడవచ్చు. వ్యాసం 40 సెంటీమీటర్లు, పైన 6 మీటర్ల మెత్తని బంకమన్ను, దాని అంటుబలం చదరపు మీటరుకు 15 కిలోన్యూటన్లు అనుకుంటే, ఆ పొర ఇచ్చే పక్క ఘర్షణ సుమారు 113 కిలోన్యూటన్లు. పరీక్షలో స్తంభం 600 మోసిందనుకుంటే, అందులో ఈ 113 పైకి పట్టి నిలిపిన బలం. దిగువ పొరల వాటా 487. కట్ట బరువుకు ఆ మెత్తని పొర మొత్తం స్తంభం కంటే ఎక్కువగా దిగితే అదే 113 దిశ మార్చుకొని స్తంభాన్ని కిందికి లాగుతుంది. అప్పుడు తలపై భారానికి మిగిలేది 374 మాత్రమే. అంతకు మించితే స్తంభం విరిగిపోతుందని కాదు. అది కొంత దిగి, బరువును తిరిగి బంకమన్నుకు అప్పగిస్తుంది, కట్ట కుంగుతుంది. స్తంభాలు వేసింది ఆ కుంగుబాటును తగ్గించడానికే గదా!

కాలం సంగతి మరింత చిక్కైనది. పరీక్షలో చివరి బరువును ఉంచేది 24 గంటలు. బంకమన్నులోని నీరు మెల్లగా బయటికి పోయి మన్ను బిగియడానికి పట్టే కాలం వేరు. నీరు 5 మీటర్ల దూరం పోవలసి ఉండి, కన్సాలిడేషన్ గుణకం ఏడాదికి ఒక చదరపు మీటరైతే, టెర్జాగీ సిద్ధాంతం ప్రకారం 90 శాతం బిగియడానికి సుమారు 21 ఏళ్లు. నడుమ ఇసుక పొర ఉంటే ఇది బాగా తగ్గుతుంది. కాబట్టి దివిసీమలో ఒక బోరు ఫలితాన్ని పక్క ఊరికి అన్వయించడం కూడా ప్రమాదమే.

విచిత్రమేమంటే, రాతి స్తంభాల విషయంలో మన ప్రమాణాలు ఇంతకంటే జాగ్రత్తగా ఉన్నాయి. ఐఎస్ 15284 మొదటి భాగం (2003) ఒంటి స్తంభంతో పాటు కనీసం మూడు స్తంభాల గుంపును కూడా పరీక్షించమంటుంది. చుట్టుపక్కల మన్నునూ లెక్కలోకి తెస్తుంది. కంకర స్థానంలో కాంక్రీటు రాగానే మన్నును మరచి పైలు పరీక్షకు మళ్లడానికి సాంకేతిక కారణం కనిపించదు. ఫ్రాన్సులో అసిరి ప్రాజెక్టు 2012లో వెలువరించిన సిఫార్సులు స్తంభం, మన్ను, పరుపు అనే మూడింటినీ ఒకే వ్యవస్థగా చూశాయి.

ఇక్కడ చేయదగినది ప్రయోగాత్మక కట్ట. కొన్ని స్తంభాల తలలపై లోడ్ సెల్‌లు, నడుమ మన్నుపై పీడన సెల్‌లు, బంకమన్ను లోతున పీజోమీటర్లు, పరుపు కింద కుంగుబాటు పలకలు అమర్చి నెలల తరబడి కొలవాలి. గడువుల ఒత్తిడిలో గుత్తేదారులకు ఇది భారమే. అయితే పలకల ఖర్చు స్వల్పం. పని అప్పగించిన తరువాత కూడా వాటిని అలాగే ఉంచి, ప్రతి వర్షాకాలానికి ముందూ వెనుకా లెవెల్ తీయడానికి పెద్ద యంత్రాంగం అక్కరలేదు.