ఎర్ర వెలుగులో నలుపు తెలుపు

1965 డిసెంబరులో మికీ రస్కిన్ న్యూయార్క్‌లోని పార్క్ అవెన్యూ సౌత్‌లో మ్యాక్సెస్ కాన్సాస్ సిటీ అనే బార్ తెరిచాడు. చేతిలో డబ్బాడని చిత్రకారులకు, శిల్పులకు అక్కడ ఖాతా ఉండేది. బాకీ పేరుకుపోతే బొమ్మో శిల్పమో ఇచ్చి తీర్చుకునేవారు. వెనకగదిలో ఒక మూలన డాన్ ఫ్లావిన్ ఎర్రటి ట్యూబులైట్లతో చేసిన కళాఖండం వెలిగేది. మాటుగాచి చేసిన దాడుల్లో ప్రాణాలు పోయినవారి జ్ఞాపకార్థం, వియత్నాం యుద్ధం సాగుతున్న 1966లో అతను చేసిన పని అది. ఆ వెలుగు కిందే పాటగాళ్లు, నటులు, చిత్రకారులు తాగారు, వాదించుకున్నారు. 1970 వేసవిలో ఆ మేడ మీదే వెల్వెట్ అండర్‌గ్రౌండ్ బృందం పాడింది.

కళను బార్‌లో పెడితే దాని పరువు పోతుందనేవాళ్లకు నేను ముందు ఈ గది గురించే చెబుతాను. రాక్ కచేరీ ఫొటోకూ నియాన్ శిల్పానికీ ఇలాంటి చోట్లతో దగ్గరి చుట్టరికం. మ్యూజియాలు వాటిని తర్వాత పిలిచి పీట వేశాయి.

కచేరీ ఫొటోగ్రాఫర్‌కు మొదటి చిక్కు చీకటి. 1960లలో చాలామంది వాడింది కొడాక్ ట్రై-ఎక్స్, వెలుగుకు స్పందించే వేగం, అంటే స్పీడు, 400 ఉన్న నలుపు తెలుపు ఫిల్ము. రీలుకు 36 ఫ్రేములు. ఫ్లాష్ వేస్తే వేదిక మీది వెలుగుకున్న అందమంతా పోతుంది. అందుకే ఉన్న వెలుగుతోనే తీసేవారు. 400 ఫిల్మును 800 అనో 1600 అనో లెక్కవేసుకుని తీసి, తర్వాత డెవలపర్‌లో మామూలుకంటే ఎక్కువసేపు ఉంచుతారు. దీన్నే పుష్ చేయడం అంటారు. ఈ లాభం ఊరికే రాదు. వెలుగు అసలు పడని నీడల్లో ఏ రసాయనమూ వివరాన్ని పుట్టించలేదు, అవి నల్లగానే మిగులుతాయి. వెలుగు పడినచోట మరీ తెల్లబడుతుంది, ఫొటోలోని రేణువులు, అంటే గ్రెయిన్, లావవుతాయి. కటిక నలుపులోంచి ఒక చెంప, ఒక చెయ్యి, మైకు అంచు మాత్రమే పైకి తేలే ఆ పాత రాక్ ఫొటో రూపం ఈ బేరంలోంచి వచ్చిందే.

షట్టరు సెకనులో 60వ వంతుకు దిగితే గిటారు మీటే చెయ్యి చెదిరిపోతుంది. కాబట్టి లయ తెలిసినవాళ్లకే మంచి ఫొటో దొరుకుతుంది. గాయకుడు చరణం మధ్యలో ఊపిరి తీసుకునేటప్పుడు, డ్రమ్మర్ కర్ర పైకెత్తి కిందికి దించబోయేటప్పుడు కదలిక ఒక్క లిప్తపాటు ఆగుతుంది. అది ముందే పసిగట్టాలి. 1967 జూన్‌లో మాంటెరీ పాప్ ఉత్సవంలో జిమీ హెండ్రిక్స్ గిటారుకు నిప్పు పెట్టినప్పుడు ఫొటోగ్రాఫర్ ఎడ్ కారాఫ్ వేదిక అంచున కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. అప్పటికి కారాఫ్ వయసు 17 ఏళ్లు. రీలులో మిగిలింది ఒక్క ఫ్రేము. ఆ ఒక్కటే ఈనాటికీ ప్రపంచమంతా గుర్తుపట్టే ఫొటో.

నాకు అంతకంటే ఇష్టమైనది పెన్నీ స్మిత్ తీసింది. 1979 సెప్టెంబరులో న్యూయార్క్ పలాడియంలో ది క్లాష్ బృందపు పాల్ సిమనన్ తన బేస్ గిటారును నేలకేసి కొట్టబోతుండగా తీసిన ఫొటో అది. ఫోకస్ సరిగా లేదని ఆల్బమ్ అట్టకు వద్దన్నది ఆమే. అదే బృందంలోని జో స్ట్రమ్మర్ పట్టుబట్టడంతో ‘లండన్ కాలింగ్’ అట్ట మీదికి ఎక్కింది. అందులో సిమనన్ ముఖం కనపడదు. నడుం వంగిపోయి ఉంది, గిటారు ఇంకా నేలను తాకలేదు. ఫొటో పదునుగా వచ్చి ఉంటే ఆ విసురు ఇంతగా తెలిసేది కాదని నా నమ్మకం.

తీయడంతో పని అయిపోదు. డార్క్‌రూంలో వెండి లవణాల కాగితం మీద ప్రింటు వేసేటప్పుడు, ముఖం నల్లబడకుండా అట్టముక్క అడ్డుపెడతారు. మరీ తెల్లగా వస్తున్న చోటుకు వేళ్ల సందుల్లోంచి ఇంకొంచెం వెలుగిస్తారు. అంతా సెకన్ల లెక్క. ఒకే నెగటివ్ నుంచి ఇద్దరు తీసిన ప్రింట్లు ఒకేలా ఉండవు. ఆ గదిలో వెలిగేది ఎర్రబల్బు, ఆ కాగితం ఎరుపుకు స్పందించదు గనుక.

నియాన్‌కు వస్తే వెలుగునే చేత్తో మలచాలి. ఈ వాయువును 1898లో లండన్‌లో విలియం రామ్సే, మోరిస్ ట్రావర్స్ కనుగొన్నారు. 1910లో పారిస్ మోటారు ప్రదర్శనలో జార్జ్ క్లాడ్ దాన్ని గొట్టాల్లో వెలిగించి చూపాడు. దుకాణాల బోర్డుల మీదికి ఎక్కింది ఆ తర్వాతే.

గాజు వంచే పనిని పక్కనే నిలబడి చూడాలి. బల్ల మీద అసలు సైజులో, కుడి ఎడమలు తారుమారు చేసి గీసిన నమూనా ఉంటుంది. గాజు గొట్టం ఒక కొసను బిరడాతో మూసి, రెండో కొసకు సన్నని రబ్బరు గొట్టం తగిలించి, దాని చివర నోట పట్టుకుంటారు. రెండు చేతులతో గొట్టాన్ని మంట మీద ఆపకుండా తిప్పుతారు. గాజు మెత్తబడి జారబోయే సమయానికి బయటికి తీసి నమూనా మీద వంచుతారు. వంపు దగ్గర గొట్టం నొక్కుకుపోతుంది. వెంటనే రబ్బరు గొట్టంలోంచి మెల్లగా ఊది మళ్లీ గుండ్రంగా చేస్తారు. గాజు బిగుసుకునేలోపు దొరికేవి కొన్ని సెకన్లే. అక్షరానికీ అక్షరానికీ మధ్య గొట్టాన్ని వెనక్కి మళ్లించి, అక్కడ నల్లరంగు పూసి వెలుగును దాస్తారు. పనితనం తెలుసుకోవాలంటే నేను ముందు ఆ నల్లటి భాగాలే చూస్తాను.

వంపులయ్యాక కొసలకు ఎలక్ట్రోడ్లు అతికిస్తారు. పంపుతో గాలి లాగేస్తూ, ఎక్కువ వోల్టేజి విద్యుత్తు పంపి గొట్టాన్ని బాగా కాలుస్తారు. లోపల అంటుకున్న తేమ, మలినాలు పూర్తిగా పోయాకే వాయువు నింపి మూస్తారు. ఇక్కడ తొందరపడితే గొట్టం త్వరలోనే మసకబారుతుంది. ఓపిగ్గా చేసినది దశాబ్దాలు వెలుగుతుంది. నియాన్ ఇచ్చేది నారింజ కలిసిన ఎరుపు. నీలానికి ఆర్గాన్‌తో పాటు పాదరసం చుక్క వేస్తారు. మిగతా రంగులు గాజుకు లోపల వేసిన పూతను బట్టి, గాజు రంగును బట్టి వస్తాయి.

ఫ్లావిన్ వాడినవి కొట్లో దొరికే ట్యూబులైట్లు. గాజు వంచే ఈ పనిని గ్యాలరీకి తెచ్చినవాళ్లలో బ్రూస్ నామన్ ఒకడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో అతను స్టూడియో పెట్టుకున్న పాత కిరాణా కొట్టు కిటికీలో ఒక బీరు బోర్డు మిగిలిపోయి ఉంది. దాన్ని చూసే, 1967లో చుట్టలు తిరిగే ఒక వాక్యాన్ని నియాన్‌లో చేయించి అదే కిటికీకి తగిలించాడు.

ఈ రెండు కళలూ ఒక్కచోట ఎందుకు కుదురుతాయో ఇప్పుడు చెప్పగలను. ఎర్ర నియాన్ పక్కన రంగుల ఫొటో పెడితే అందులోని నీలం, ఆకుపచ్చ నల్లబడి చచ్చిపోతాయి. నలుపు తెలుపు ప్రింటులో నీడల మెట్లు అలాగే నిలుస్తాయి. ప్రింటును నియాన్‌కు ఎదురుగోడకు మాత్రం తగిలించకూడదు, ఫ్రేము అద్దంలో గొట్టమే కనిపిస్తుంది. వెండి ప్రింటుకు తేమ పడదు కాబట్టి గ్లాసులు కడిగే చోటుకు దూరంగా ఉంచాలి.

హైదరాబాద్ పబ్బుల్లో నియాన్ పేరుతో ఇప్పుడు వెలిగేవి చాలావరకు సిలికాన్ తొడుగులోని ఎల్‌ఇడి పట్టీలు. చౌక, పగలవు, కరెంటు తక్కువ. కానీ వాటి వెలుగు ఎక్కువగా ముందుకే పడుతుంది. గాజు గొట్టం చుట్టూరా వెలుగుతుంది, వెనకగోడ మీద కూడా పరచుకుంటుంది. కొత్తగా బార్ తెరిచేవాళ్లు పది పట్టీల బోర్డులు మానుకుని చేత్తో వంచిన గొట్టం ఒక్కటి, దాని పక్కగోడకు మంచి వెండి ప్రింట్లు రెండు పెట్టి చూడాలని నా కోరిక.