మన పైపు, వాళ్ల హోస్

ఎత్తైన బిల్డింగ్‌కి ఫైర్ డ్రాయింగ్ మొదలుపెట్టే ముందు ఆ ఏరియా ఫైర్ స్టేషన్‌కి వెళ్లి ఒక టీ తాగి రావడం నాకు అలవాటు. ఎన్‌ఓసీ కోసం కాదు, దానికి వేరే దారులున్నాయి. బండి పక్క షట్టర్ ఎత్తించి లోపల ఏం పెట్టుకున్నారో చూడటానికి. మా ఆఫీసు కుర్రాళ్లు నవ్వుతారు. "అన్నీ కోడ్‌లో ఉన్నాయి కద సార్?" అంటారు.

ఉన్నాయి. రైజర్ సైజు, ట్యాంకు లీటర్లు, నీళ్లు అందడం అన్నిటికంటే కష్టమైన వాల్వ్ దగ్గర కనీసం చదరపు సెంటీమీటరుకి 3.5 కిలోల ప్రెషర్, ఎక్కడా 7 దాటకూడదన్న షరతు, అన్నీ నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. ఆ వాల్వ్‌కి హోస్ తగిలించే మనిషి మాత్రం అందులో కనపడడు. మెట్ల పక్కన నిలువునా ఎర్రగా పోయే ఆ పైపు సగం పనిముట్టే. తక్కిన సగం సైరన్ మోగించుకుంటూ వస్తుంది.

ఈ రెండు సగాలూ అతకకపోతే ఏమవుతుందో ఫిలడెల్ఫియా చూసింది. 1991 ఫిబ్రవరి 23 రాత్రి, వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల ఆఫీసు భవనం. 22వ అంతస్తులో, లిన్సీడ్ ఆయిల్ పీల్చిన గుడ్డల కుప్పలోంచి మంట లేచింది. కరెంటు పోయింది. ఫైర్ వాళ్లు చీకట్లో మెట్లెక్కి, హోస్ తగిలించి వాల్వ్ తిప్పితే ధారలో బలం లేదు. ప్రెషర్ తగ్గించడానికి పెట్టిన వాల్వ్‌లను ముందే మరీ తక్కువకు సెట్ చేసి ఉంచారు. దాని వెనక ఇంకో సంగతి ఉంది. అప్పటి అమెరికా కోడ్ 65 పీఎస్ఐ చాలనేది, అంటే మన లెక్కలో నాలుగున్నర కిలోలు. అది రెండున్నర అంగుళాల హోస్, నున్నటి నాజిల్ నాటి లెక్క. ఈలోగా అక్కడి సిబ్బంది సన్నని హోస్‌కి, నీళ్లను తుంపరగా చిమ్మే, 100 పీఎస్ఐ అడిగే ఫాగ్ నాజిల్‌కి మారిపోయారు. పైపు ఒక కాలంలో ఉండిపోయింది, నాజిల్ ఇంకో కాలానికి వెళ్లింది. చివరికి 5 అంగుళాల హోస్‌లను మెట్ల మీదుగా చేతులతో పైకి లాక్కెళ్లారు. ముగ్గురు సిబ్బంది చనిపోయారు. మంటను ఆపింది 30వ అంతస్తులోని పది స్ప్రింక్లర్లు. 1993లో కోడ్‌లో 65 పోయి 100 వచ్చింది.

అందుకే స్టేషన్‌లో నా మొదటి ప్రశ్న, "ఏ బ్రాంచి వాడతారన్నా?" అని. హోస్ చివర చేత్తో పట్టుకునే గొట్టమే బ్రాంచి. 20 మిల్లీమీటర్ల నాజిల్ ఉన్న పాత బ్రాంచి అయితే, దాని మూతి దగ్గర 3.5 కిలోలుంటే నిమిషానికి 500 లీటర్లు పోస్తుంది. మనిషిని వెనక్కి 22 కిలోల బలంతో తోస్తుంది. అదే 7 కిలోలైతే నీళ్లు 700 లీటర్లు, తోపు 45 కిలోలు. పొగలో, మెట్ల మీద, ఇంచుమించు సిమెంటు బస్తాంత బరువు ఎదురు తోస్తుంటే ఇద్దరు సన్నటి మనుషులు ఎంతసేపు నిలబడతారు? ఆ ఇద్దరి భుజాలే నా డిజైన్ హద్దు. అలాగని 3.5 దగ్గర హాయిగా కూర్చోవడానికీ లేదు. ఫాగ్ నాజిళ్లు చాలావరకు 7 కిలోలకి చేసినవే. స్టేషన్‌కి అలాంటివి వచ్చి ఉంటే, పై అంతస్తులో కోడ్ ప్రకారం పాసైన నా పైపు వాళ్ల చేతిలో ఫెయిలవుతుంది. అప్పుడు పంపు మార్చాలి. బిల్డర్ మొహం కూడా మారుతుంది, అది వేరే కథ.

రెండో ప్రశ్న బండి పంపు గురించి. గేటు దగ్గర ఎర్రటి ఇన్‌లెట్ చూసి, ఫైరింజన్ వచ్చి నీళ్లెక్కిస్తుందిలే అని అపార్ట్‌మెంట్ వాళ్లు ధైర్యంగా ఉంటారు. పది మీటర్లు ఎక్కితే నీళ్లు ఒక కిలో ప్రెషర్ పోగొట్టుకుంటాయి. మామూలు వాటర్ టెండర్ 7 కిలోలు కొడుతుందనుకుంటే, పైన 3.5 మిగలాలి కాబట్టి ఎక్కేది 35 మీటర్లు. పైపు రాపిడి తీసేస్తే తొమ్మిది, పది అంతస్తులు. హైదరాబాద్‌లో కోకాపేట వైపు తలెత్తి చూడండి! అక్కడి టవర్లకి సొంత డీజిల్ పంపు, మధ్యలో ట్యాంకు, అవే దిక్కు.

మనకి ఒక్క చోట అదృష్టం ఉంది. మరలు లేకుండా నొక్కితే టక్కున పట్టుకునే 63 మిల్లీమీటర్ల కప్లింగ్. మన పైపుకీ వాళ్ల హోస్‌కీ అదే. అలా లేకపోతే ఏమవుతుందో బాల్టిమోర్ చూసింది. 1904లో ఆ అమెరికా నగరం తగలబడుతుంటే పక్క ఊళ్ల ఇంజన్లు రైళ్ల మీద వచ్చాయి. వాటి హోస్‌ల మరలు అక్కడి హైడ్రంట్లకి సరిపోలేదు. పదిహేను వందలకు పైగా భవనాలు పోయాయి.

కిందటిసారి టీ తాగిన చోట లీడింగ్ ఫైర్‌మ్యాన్ ఒకాయన నా డ్రాయింగ్ బల్ల మీద పరుచుకుని చాలాసేపు చూశాడు. ప్రెషర్ ఏమైనా అడుగుతాడేమో అనుకున్నా.

"ఈ వాల్వ్ మూతి ఎటు చూస్తది సార్?"

చూపించాను. పక్క గోడ వైపు.

"నీళ్లెక్కితే హోస్ దూలం లెక్క బిగుస్తది. గోడకి కొట్టుకుని మడత పడ్తది. మీ మూడున్నర కిలోలు ఆడనే ఆగిపోతయి."

వాల్వ్ పక్కన బిల్డింగ్ వాళ్లు పెట్టే డబ్బాలో ఉన్న హోస్ సంగతేమిటని అడిగాను. "అది మేం ముట్టం సార్. ఎలకలు కొట్టినయో, ఎండిపోయిందో ఎవరికెరుక? మాది మేం భుజానేసుకునే ఎక్కుతం." ఇత్తడి బ్రాంచి ఎన్ని డబ్బాల్లో మాయమైపోయిందో నాకూ తెలుసు కనుక మాట్లాడలేదు.

వాల్వ్‌ని తొమ్మిది అంగుళాలు జరిపి, మూతిని మెట్ల వైపు, కొంచెం కిందికి తిప్పాం. అప్పటికే ఆ గోడకి గ్రానైట్ కొలతలు తీసేశారు. ఆర్కిటెక్ట్ ఎప్పుడు ఫోన్ చేసినా ఆ తొమ్మిది అంగుళాల గురించి ఇంకా అడుగుతూనే ఉంటాడు.