సి-కణాల పుట్టిల్లు ఏది? పాఠ్యపుస్తకాలు దిద్దుకోవలసిన ఒక వాక్యం

థైరాయిడ్ గ్రంథికి వచ్చే కేన్సర్లలో మెడ్యులరీ కేన్సర్ అరుదైనది. నూరు మంది రోగులలో అయిదుగురికో, అంతకంటే తక్కువ మందికో వస్తుంది. 1959లో హజార్డ్, హాక్, క్రైల్ అనే ముగ్గురు దీన్ని ప్రత్యేక వ్యాధిగా వర్ణించారు. ఇది థైరాక్సిన్‌ను తయారుచేసే కణాలలో పుట్టదు. వాటి పక్కనే ఉండి, కాల్సిటోనిన్ అనే హార్మోన్‌ను స్రవించే సి-కణాలలో పుడుతుంది. సి-కణాలు అయోడిన్‌ను పీల్చుకోవు. అందుకే ఇతర థైరాయిడ్ కేన్సర్లకు ఇచ్చే రేడియోధార్మిక అయోడిన్ ఇక్కడ పనిచేయదు.

మరి ఈ సి-కణాలు ఎక్కడి నుంచి వచ్చాయి? 'న్యూరల్ క్రెస్ట్ నుంచి' అని ఎన్నో పుస్తకాలు చెబుతాయి. పిండంలో మెదడు, వెన్నుపాము ఏర్పడే నాళపు అంచున పుట్టి, శరీరంలోని అనేక భాగాలకు వలసపోయే కణాల గుంపే న్యూరల్ క్రెస్ట్. పరీక్షలో ఈ జవాబు రాస్తే మార్కులు వస్తాయి. కాని దీనికి ఆధారం ఏమిటి?

ఆధారం పక్షులలో దొరికింది. కౌజుపిట్ట కణాల కేంద్రకాలు కోడి కణాల కేంద్రకాలకు భిన్నంగా కనిపిస్తాయి. ఫ్రాన్స్‌లో నికోల్ లె దొవారె, ఆమె సహచరులు కౌజుపిట్ట న్యూరల్ క్రెస్ట్‌ను కోడి పిండంలో అతికించారు. కాల్సిటోనిన్ కణాలుగా మారినవి కౌజుపిట్ట కణాలేనని 1970ల తొలినాళ్లలో చూపారు. అది చక్కని ప్రయోగం. నేటికీ దాని ఫలితాన్ని తప్పుపట్టనవసరం లేదు.

తప్పు ఆ తరువాతి అడుగులో ఉంది. పక్షులలో ఈ కణాలు థైరాయిడ్‌లో కలవవు. విడిగా ఒక గ్రంథిలో ఉంటాయి. క్షీరదాలలోనేమో థైరాయిడ్‌లో కలిసిపోతాయి. ఇంత తేడా ఉన్నా, కోడికి నిజమైనది మనిషికీ నిజమేనని అనుకున్నారు. అలా అనుకోవడానికి ఇంకో కారణమూ ఉంది. ఆర్‌ఈటీ అనే జన్యువులో మార్పు వంశపారంపర్యంగా వస్తే సి-కణాలకూ, అడ్రినల్ గ్రంథి లోపలి భాగానికీ కణితులు వస్తాయి. అడ్రినల్ గ్రంథిలోని ఆ కణాలు న్యూరల్ క్రెస్ట్ సంతతే. రెండూ తోబుట్టువులని చెప్పుకుంటే కథ చక్కగా కుదిరింది. కాని అదే వ్యాధిలో పారాథైరాయిడ్ గ్రంథులు కూడా పెరుగుతాయి. వాటి పుట్టుక పిండపు లోపలి పొర అయిన అంతస్త్వచం. ఈ చిక్కును పట్టించుకోని కథ ఎంత ముచ్చటగా ఉన్నా రుజువు కాజాలదు.

2015లో స్వీడన్‌కు చెందిన మికాయెల్ నిల్సన్ బృందం ఎలుకలలో నేరుగా పరీక్షించింది. అంతస్త్వచపు కణాలకు జన్యుపరంగా చెరగని గుర్తు పెట్టి, వాటి సంతతిని వెతికారు. సి-కణాలన్నీ అక్కడివేనని తేలింది. న్యూరల్ క్రెస్ట్ వంతు కనిపించలేదు.

దీనివల్ల రోగికి ఒరిగేదేమిటి? సి-కణాలు వలస కణాల సంతతే అయితే, కేన్సర్ వ్యాపించడం వాటి పాత అలవాటు తిరిగి రావడమని సరిపెట్టుకోవచ్చు. అవి ఒకదానినొకటి అంటిపెట్టుకుని ఉండే పొరలోని కణాలైతే, ఆ పట్టు ఎలా వదిలిందో వెతకాలి. ఆ బృందమే కణితులలో దీనిని గమనించింది. చుట్టుపక్కల కణజాలంలోకి చొరబడే కణాలలో, కణాలను కలిపి ఉంచే ఇ-కాడ్హెరిన్ అనే ప్రొటీన్ తగ్గింది. దూరంగా స్థిరపడిన చోట మళ్లీ కనిపించింది. పుట్టిల్లు మారితే పరిశోధకుడు అడిగే ప్రశ్న కూడా మారుతుందన్నమాట.

అయితే కొత్త వాదాన్నీ అదే త్రాసులో తూచాలి. మానవ పిండంలో అలాంటి గుర్తులు పెట్టి పరీక్షించడం తగదు. మనిషి విషయంలో ఉన్నవి పరోక్ష ఆధారాలు. అంతస్త్వచ కణాలలో ఉండే ప్రొటీన్లు సి-కణాలలోనూ కనబడటం వంటివి. అవి బలమైనవే. అయినా కోడి నుంచి మనిషికి దూకడం తొందరపాటయితే, ఎలుక నుంచి మనిషికి వెళ్లేటప్పుడు కూడా అడుగు చూసుకునే వేయాలి.

ఇక్కడ లె దొవారె ప్రయోగం ఓడిపోలేదు. ఓడిపోయింది ఆమె ఫలితం పక్కన 'పక్షులలో' అనే మాటను రాయడం మరిచిపోయిన మన అలవాటు. పాఠ్యపుస్తకంలో ఒక వాక్యం చదివినప్పుడు 'ఇది ఏ జీవిలో చూశారు?' అని ఒక్కసారి అడిగి చూడండి. విజ్ఞానశాస్త్రం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.